ఝిల్‌మిల్ టాకీస్‌లో లేచిన చేతులు

నాంపల్లి స్టేషన్ వైపు నుంచి ఆబిడ్స్‌కి నడిచి వచ్చేవాళ్ళకి ఝిల్‌మిల్ టాకీస్ సందులోంచి వస్తే పది నిమిషాలు కలిసొస్తాయి. అయినా చీకటి పడ్డాక ఆ సందులో ఎవరూ నడవరు. మెయిన్ రోడ్డు మీద హారన్ల మధ్య ఇరుక్కుని, అందరినీ తిట్టుకుంటూ అయినా పోతారు గానీ ఆ సందు మాత్రం తొక్కరు.

గురువారమైతే అసలే తొక్కరు.

మూగ సినిమాల కాలంలో కట్టిన హాలు అది. మూతబడి ఇరవై ఏళ్ళు దాటింది. పెద్ద గేటుకి తుప్పు పట్టిన తాళం. కరెంటు మీటరు ఎవరో ఎప్పుడో పీక్కుపోయారు. అయినా గురువారం ఏడు దాటాక, గోడ పైనున్న గాలి కంతల్లోంచి వెలుగు కనిపిస్తుంది... ఆగి ఆగి, వణుకుతూ. దీపం వెలుగు కాదు. బల్బు వెలుగూ కాదు.

సినిమా వెలుగు.

కానీ పాట ఉండదు. మాట ఉండదు. చెవి గోడకి ఆనించినా ఏమీ వినిపించదు.

సందు మొదట్లో పాన్ డబ్బా నడిపే వెంకీ ఒకసారి నీళ్ళ డ్రమ్ము మీదికెక్కి కంతలోంచి తొంగి చూశాడట. లోపల మనుషులు— ఆడా మగా కలిపి ముప్పై మంది. కదలకుండా తెర వైపే చూస్తున్నారు. ఉన్నట్టుండి అందరూ ఒక్కసారే రెండు చేతులూ పైకెత్తారు. ఎత్తి, పది వేళ్ళూ గజగజ ఆడించారు... మునిగిపోయేవాళ్ళు నీళ్ళ పైకి చేతులు చాపినట్టు.

వెంకీ డ్రమ్ము మీదినుంచి పడ్డాడు. మూడు రోజులు జ్వరం. దర్గాకి పోయి తావీజు కట్టించుకుంటే గానీ తగ్గలేదు.

ఎప్పుడో హాలు అంటుకున్నప్పుడు తలుపులు తెరుచుకోక కాలిపోయిన జనమట వాళ్ళు. ఇప్పటికీ చేతులెత్తి కాపాడమంటున్నారట.

ఈ సంగతి వెంకీ నాకు చెప్పాడు. నేను రశ్మికి చెప్పాను. ఆ తర్వాత రశ్మి అక్కడికి పోయి, తను చూసింది నాకు చెప్పింది. అది చెప్పింది చెప్పినట్టే రాస్తాను. కాని అది అక్కడికి ఎందుకు పోయిందో చెప్పాలంటే, ముందు నా సంగతి చెప్పాలి. కష్టమైన పని అదే.

నాంపల్లి కోర్టుల ఎదురుగా ఉన్న ఒక జిరాక్స్ షాపులో డీటీపీ చేస్తాను. ఇంటర్ మధ్యలో ఆపేశాను. తెలుగు టైపింగు నాకెవరూ నేర్పలేదు; వకీళ్ళ పాత పిటిషన్లు చూసి చూసి, రాత్రిళ్ళు కొట్టి కొట్టి నేర్చుకున్నాను. ఏడాదిన్నర కింద ఆ షాపుకి భానుతేజ వచ్చాడు. కోర్టులో స్టెనో. ఇంకా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. వాళ్ళ తాతల కాలంలోనే కోస్తా నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డారు. అందుకే ప్రతి మాటకీ ‘గారూ’ తగిలిస్తాడు.

ఆయన నేను మాట్లాడుతుంటే నా పెదవుల వైపే చూసేవాడు.

కళ్ళలోకి కాదు. మెడ కిందికి కాదు. అట్లా చూసే మగవాళ్ళు రోజూ యాభై మంది వస్తారు, వాళ్ళ సంగతి నాకు తెలుసు. ఈయన చూపు వేరు. ఒక్క మాట కూడా కింద పడనీయనన్నట్టు, నా పెదవులు కదిలినంతసేపూ కదలకుండా చూసేవాడు. నేను మానిటర్ వైపు తిరిగి ఏదైనా అంటే— “సంహిత గారూ, కొంచెం ఇటు తిరిగి చెప్పండి,” అనేవాడు.

ఇటు తిరిగి చెప్పండి! ఒక ఆడపిల్లని అంత మెత్తగా అడిగితే ఆ పిల్ల ఏమనుకోవాలి?

నేను అదే అనుకున్నాను. లిప్‌స్టిక్ కూడా కొన్నాను.

రశ్మి మా వాడకట్టులోనే పుట్టింది. స్కూల్ టీచరు. సుల్తాన్ బజార్‌కి పోదాం రమ్మని ఒకరోజు నన్ను తీసుకుపోవడానికి షాపుకొచ్చి, స్టూలు మీద కూర్చుంది. అదే టైంలో భానుతేజ వచ్చాడు. నేనే పరిచయం చేశాను. దాని వాగుడు తెలిసిందే కదా, పది నిమిషాలు గడగడా మాట్లాడింది. ఆయన పది నిమిషాలూ దాని పెదవుల వైపే చూశాడు.

నాలుగు నెలలు తిరక్కుండా ఇద్దరికీ నిశ్చితార్థం అయింది. వచ్చినవాళ్ళకి కూల్‌డ్రింకులు అందించింది నేనే. దాని వేలికి ఉంగరం తొడుగుతుంటే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టిందీ నేనే. ఆ రాత్రి అమ్మ అన్నం తినమంటే తలనొప్పి అని చెప్పి, దిండులో మొహం పెట్టుకుని రశ్మి పళ్ళ గురించి ఆలోచించాను. దాని పై పళ్ళు రెండు కొంచెం ముందుకుంటాయి. ఆ మూతిలో ఏం చూశాడు?

ఇగ ఆయన గురువారాలు.

కోర్టు కాగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. నాకు చూడాలనిపించింది. ఎందుకు చూడాలనిపించిందో అడగొద్దు.

నుమాయిష్ ఎగ్జిబిషన్ నడిచే రోజులు. నాంపల్లి అంతా జనం. జనం చాటున ఆయన వెనకాలే నడిచాను. ఆయన ఝిల్‌మిల్ టాకీస్ సందులోకి తిరిగాడు.

చీకటి పడుతోంది. ఆగి ఉన్న ఒక ఆటో పక్కన నిలబడ్డాను. టాకీస్ పక్క తలుపు దగ్గర, స్ట్రీట్ లైటు కింద, ఒక అమ్మాయి. నా వయసే ఉంటుంది. పసుపు పంజాబీ డ్రెస్సు. ఆయన ఏదో పక్కకి చూస్తుంటే ఆ అమ్మాయి రెండు వేళ్ళు ఆయన గడ్డం కింద పెట్టి, మొహం తన వైపు తిప్పుకుంది. ఆమె పెదవులు కదిలాయి. ఒక్క శబ్దమైనా రాలేదు. ఆయన పెదవులూ కదిలాయి. ఇద్దరూ నవ్వుకుని లోపలికి పోయారు.

నాకు తెలియని ఇంకొకతి! రశ్మి మీద పడి ఏడ్చేదాన్ని, ఇప్పుడు ఇద్దరి మీద ఏడవాలి.

అక్కడే నిలబడి రశ్మికి ఫోన్ చేశాను. పసుపు డ్రెస్సు అమ్మాయి ఎందుకో మళ్ళీ బయటికొచ్చి తలుపు దగ్గర ఎవరికోసమో ఎదురు చూస్తోంది. ఫోను వెలుగు నా మొహం మీద పడుతోంది గానీ, అంత దూరానికి నా గొంతు వినపడదులే అనుకున్నాను.

“ఏందే, గిప్పుడు చేసినవ్?” అంది రశ్మి.

“మీ ఆయన యాడున్నడో తెల్సా?”

“గురువారం గద. షార్ట్‌హ్యాండ్ స్పీడ్ క్లాసుకు పోతనన్నడు.”

“ఔ. క్లాసే. టీచరమ్మ మస్తుంది.”

రశ్మి చిన్న గొంతుతో అడిగింది. “నీ కండ్లతోని చూసినవా?”

“నన్నెందుకు అడుగుతవ్? వచ్చే గురువారం నువ్వే వచ్చి చూస్కో. ఝిల్‌మిల్ టాకీస్.”

“వామ్మో... గాడనా? నాకు భయం గాదానే?”

“దయ్యం కనపడ్తదని భయమా? నిజం కనపడ్తదని భయమా?”

“నువ్వొస్తవా మరి నాతోని?”

“రాకుంటెట్ల?” అన్నాను.

వారం గడిచింది. గురువారం సాయంత్రం ఆరున్నరకి రశ్మికి మెసేజ్ పెట్టాను— జ్వరమొచ్చింది, నువ్వు పో, ఫికర్ చెయ్యకు.

జ్వరం లేదు. ఇంట్లో కూర్చుని గడియారం చూస్తున్నాను.

ఇక్కడి నుంచి రశ్మి చెప్పింది.

సందులోకి అడుగు పెట్టగానే మెయిన్ రోడ్డు చప్పుడు తెగిపోయినట్టైందట. దూరంగా నుమాయిష్ మైకులో ఎవరో తప్పిపోయిన పిల్లాడి పేరు చదువుతున్నారు. పక్క తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల గబ్బిలాల కంపు, తడిసిన గోనెసంచుల వాసన. చేత్తో గోడ తడుముకుంటూ నడిచింది. ఒక నల్ల పరదా తగిలింది.

పక్కకి జరిపింది.

తెర మీద బొమ్మ నడుస్తోంది. నల్ల ముసుగులేసుకున్న మగవాళ్ళు గుండ్రంగా నిలబడ్డారు. మధ్యలో ఒక ఆడమనిషి, చేతిలో ఉత్తరం. నోరు తెరిచి ఏదో అంటోంది... వినపడదు. తెర కింద వరుసలుగా తలలు. ఒక్కటీ కదలదు.

మూడో వరుసలో ఆయన.

“వెనక నుంచి సుడి చూసి గుర్తు పట్టిన,” అంది రశ్మి. “పక్కనే ఆ పిల్ల. దాని చెయ్యి ఆయన చేతి మీదుంది. నువ్వు చెప్పింది నిజమే అనుకున్ననే. ఒళ్ళంత మండింది. పిలిచిన.”

“భానూ...”

ఆయన తిరగలేదు.

“భానుతేజా!”

ఈసారి గట్టిగా అరిచిందట. గొంతు పైకప్పుకి తగిలి తిరిగొచ్చింది. దూలాల మీది పావురాలు టపటపా లేచాయి. కాని... ముప్పై మందిలో ఒక్కరు— ఒక్కరంటే ఒక్కరు— తల తిప్పలేదు. ఆయన కూడా.

మరుక్షణం అందరూ చేతులెత్తారు.

అరవై చేతులు. ఆ వణికే వెలుగులో వేళ్ళన్నీ గజగజ ఆడుతున్నాయి. ఆయన చేతులూ వాటి మధ్యనే ఉన్నాయి.

“నాకు గప్పుడు అనుమానం పోయిందే,” అంది రశ్మి. “ఇంకో ఆడది గాదు, వీళ్ళు తీస్కపోయిన్రు ఆయన్ని అనుకున్న. ఆయన గూడ సచ్చిపోయిండు, నాకే ఇంక తెల్వదు అనుకున్న.”

“మరి ఉరకలేదా?”

“ఉరుకుదామనే అనుకున్న. కాళ్ళు ముందుకు పోయినయ్. పోతే ఇద్దరం పోతం అనుకోని, పోయి భుజం పట్టుకున్న.”

ఈ మాట చెప్పేటప్పుడు రశ్మి నా మంచం మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుని ఉంది. జ్వరం ఎట్లుందో చూడటానికి వచ్చింది. నేను నా చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆయనకోసం దెయ్యాల మధ్యకి నేను నడుస్తానా? అని నన్ను నేను అడుక్కున్నాను. నడవను. ఆ సంగతి తెలిసి దాని మీద ఇంకా కోపమొచ్చింది.

“తర్వాత?”

“తర్వాతేంది! ఎగిరి దుంకిండు. నా కంటె ఎక్కువ జడుసుకున్నడు. ‘అమ్మో!’ అని ఒకటే అరుపు.”

అప్పుడు టార్చిలైటు పట్టుకుని ఒక ముసలాయన వచ్చాడట. హాలుకి కాపలా ఉండే సదాశివ.

“ఎవరమ్మా నువ్వు? లోపలికెట్లొచ్చినవ్?”

“వీళ్ళు... వీళ్ళు ఎవరు తాతా?” అంది రశ్మి.

ముసలాయన అందరి మొహాల మీదికీ టార్చి తిప్పాడు. కళ్ళు నులుముకుంటూ, విసుక్కుంటూ, మామూలు మనుషులు.

“దయ్యాలు గాదు బిడ్డా. వీళ్ళకు చెవులు వినపడయ్. కొత్త సినిమాలకు పోతే వీళ్ళకేం సమజైతది? అందుకే గురువారం గురువారం మూగ సినిమా పెట్టుకుంటరు. పక్కింటోళ్ళ కరెంటు. బొమ్మలేసే చిన్న మిషిన్ ఎవరో తెస్తరు.”

“మరి చేతులెందుకు లేపిన్రు?”

“గవి చప్పట్లు. మనం కొడితే వినపడ్తది, వాళ్ళు ఊపితే కనపడ్తది.”

“దయ్యాలున్నయని అందరు—”

“నేనే పుట్టిచ్చిన!” ముసలాయన పకపకా నవ్వాడట. “దయ్యాలుంటే తాగుబోతోడు రాడు. కబ్జా పెట్టేటోడు గూడ రాడు. నా కొలువు భద్రం.”

భానుతేజ అక్కడే, తెర వెలుగులోనే రశ్మికి చెప్పాడు. మూడేళ్ళుగా వినికిడి పోతోంది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి పోతోంది. జడ్జిగారు చెప్పేది సగం వింటాడు, సగం ఆయన పెదవులు చూసి రాసుకుంటాడు. తెలిస్తే ఉద్యోగం ఉండదు, పెళ్ళీ ఉండదు. పూర్తిగా పోయేలోపు చేతుల భాష నేర్చుకుందామని వస్తున్నాడు; అలవాటు కావాలని ఇక్కడ కుడి చెవిలో కూడా దూది పెట్టుకుంటాడు. నేర్పేది ఆ పసుపు డ్రెస్సు అమ్మాయి, దివ్యశ్రీ. పుట్టుకతోనే వినపడదు. అందుకే మాట్లాడే ముందు ఎదుటివాళ్ళ మొహం తన వైపు తిప్పుకుంటుంది; చీకట్లో అయితే చేతి మీద చెయ్యి వేసి చెప్తుంది.

“పెళ్ళయ్యాక చెప్దామనుకున్నాను,” అన్నాడట. “అది మోసమని తెలుసు. అయినా అనుకున్నాను.”

“నువ్వేమన్నవ్?” అడిగాను.

“ఏమంట! ముందు ఒకటి పీకిన. తర్వాత ఏడ్చిన. తర్వాత సినిమా మిగిలింది చూసినం.” నవ్వింది. “గా సినిమా మస్తుందే. మొదటి రీలు లేదు, పేరేందో ఎవ్వరికి తెల్వదు. ఒక రహస్య సంఘం ఉంటది. అండ్ల చేరినోడు ఎవర్నీ ప్రేమించొద్దు, ప్రేమిస్తే ప్రాణం తీస్తరు. హీరో ప్రేమిస్తడు. ఆయన్ని కోరుకున్న ఇంకో ఆమె ఉంటది. ఆమెనే ఉత్తరం రాసి వాళ్ళకు పట్టిస్తది.”

నేను దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాను.

“దివ్యశ్రీకి పెదవులు చూస్తే మాట తెలుస్తది గద, సినిమావాళ్ళు నిజంగ ఏమంటున్నరో చదివి అందరికి ముందుగాలనే చెప్పిపెడ్తది. గా ఉత్తరం రాసినామె నోరు తెరిచి ఏడుస్తుంటే తర్వాత తెర మీద అక్షరాలేమో ‘నా ప్రేమను క్షమించు’ అని పడ్తయ్. ఆమె నిజంగ ఏమంటున్నదో తెల్సా? ‘ఈ గాలికి చీర ఆగుతలేదు, జల్ది తీయిండ్రి!’ అంటున్నదంట. దానికే చేతులెత్తిన్రు అందరు. నేనేమో సచ్చినోళ్ళనుకున్న!”

పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని అంది—

“పాపం, ఎవరు మాట్లాడినా మూతి దిక్కే చూస్తడంట. నాదొక్కటే అనుకున్న ఇన్ని రోజులు. కోర్టు గేటు కాడి చాయ్‌వాలాది గూడ అట్లనే చూస్తడంట!”

చాయ్‌వాలా.

వాడికి గుట్కా నమిలి నమిలి పళ్ళు ఎర్రబడ్డాయి. ఏడాదిన్నర... నేను, వాడు, ఒక్కటే ఆయనకి.

“నీ పుణ్యమేనే సంహితా,” అంది రశ్మి. “నువ్వు చెప్పకుంటే నాకు తెలిసేదే గాదు.”

పెళ్ళి ఆగలేదు. భానుతేజ తనే వచ్చి రశ్మి వాళ్ళ నాన్నకి అంతా చెప్పాడు. పెద్దాయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ముహూర్తం ఎప్పుడన్నాడు. భానుతేజ కోర్టులో కూడా చెప్పేసి, రికార్డు గదిలో పనికి అర్జీ పెట్టుకున్నాడు. ఆ అర్జీ టైపు చేసింది నేనే.

రశ్మి ప్రతి గురువారం పోతోంది. చేతుల భాష తొందరగా పట్టేసింది. ఇప్పుడు ఇద్దరూ షాపుకొస్తే నా ఎదురుగానే వేళ్ళతో మాట్లాడుకుంటారు. ఒక వేలు ఎగురుతుంది, ఒక పిడికిలి విచ్చుకుంటుంది, ఇద్దరూ నవ్వుతారు. ఏమిటని అడిగితే “ఏం లేదే” అంటుంది. ఇద్దరే ఉన్న రహస్య సంఘం. మూడో మనిషికి చోటు లేదు. వాళ్ళ చేతుల్ని చూసినంతసేపూ నేను కీబోర్డు మీద తప్పుడు అక్షరాలు కొడుతుంటాను.

నిన్న రశ్మి పెళ్ళికార్డు రాయించడానికి వచ్చింది. దివ్యశ్రీని కూడా తీసుకొచ్చింది.

“ఈమెనే మా టీచరమ్మ,” అని నాకు చెప్పి, తర్వాత నన్ను చూపించి వేళ్ళతో ఆమెకేదో చెప్పింది. స్నేహితురాలు అని చెప్పి ఉంటుంది.

దివ్యశ్రీ నన్ను చూసింది. నవ్వబోయింది.

నవ్వు మధ్యలో ఆగిపోయింది.

గుర్తు పట్టింది. ఆటో పక్కన నిలబడి ఫోన్లో మాట్లాడిన అమ్మాయిని గుర్తు పట్టింది. సరే, నేను పట్టించానని తెలిస్తే ఏముంది? రశ్మికి తెలిసిందే కదా, పుణ్యమని కూడా అంది. అట్లా నాకు నేను ధైర్యం చెప్పుకుంటున్నాను.

రశ్మి గోడకి తగిలించిన కార్డులు చూస్తోంది. దివ్యశ్రీ టేబుల్ మీది పాత పిటిషన్ కాగితం ఒకటి తీసుకుని వెనక వైపు తిప్పింది. నా పెన్నే తీసుకుంది. రాసింది. నా ముందుకి జరిపింది.

ఆ రోజు ఫోన్ పెట్టేశాక ఒక మాట అన్నాను. ఇప్పటిదాకా ఇక్కడ కూడా రాయలేదు. నా మాట వినపడేంత దగ్గర్లో ఎవరూ లేరు. గొంతు కూడా పెగల్లేదు, ఉత్త పెదవులే కదిలాయి. నా చెవులకే వినపడలేదు. దేవుడికి కూడా వినపడలేదనుకున్నాను.

కాగితం మీద గుండ్రటి అక్షరాల్లో అదే ఉంది. ఒక్క అక్షరం పోలేదు.

‘రశ్మి ఈ సందులనే సావాలె. గప్పుడు గాని ఆయన నా దిక్కు చూడడు.’

“ఏందే, ఏం రాసింది?” రశ్మి ఒక కార్డు పట్టుకుని నా వెనక్కి వచ్చింది. “జర చూపియ్యి.”

కాగితం మడిచి పిడికిట్లో పెట్టుకున్నాను.

“ఏం లేదే... కార్డు మీద తన పేరు గూడ వెయ్యమంటుంది,” అన్నాను.

అంటున్నంతసేపూ దివ్యశ్రీ నా పెదవుల వైపే చూస్తోంది.